జీడి యూనిట్‌కి ఏ సబ్సిడీ మేలు? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకి పీఎంఈజీపీ, పీఎంఎఫ్‌ఎంఈ పోలిక

పలాస చుట్టుపక్కల చిన్నపాటి జీడి యూనిట్ పెట్టాలనుకునే వాళ్లందరూ మొదట అడిగేది ఒకటే: "సబ్సిడీ దేన్లో ఎక్కువొస్తాది బావూ?" జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగితే పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) అంటారు. ఫుడ్ ప్రాసెసింగ్ వాళ్లని అడిగితే పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఫుడ్ ప్రాసెసింగ్ యూనిట్ల కోసం పెట్టిన కేంద్ర పథకం) అంటారు. బ్యాంకులో అడిగితే "ముద్ర తీసేసుకోండి, తొందరగా అయిపోతుంది" అంటారు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. ఎవరి టార్గెట్ వాళ్లది, ఎవరి పోర్టల్ వాళ్లకి అలవాటు. అందుకే మీ లెక్క మీరే వేసుకోవాలి. జీడి పేరు పెట్టి రాస్తున్నాను గానీ పచ్చళ్లు, అప్పడాలు, భీమాళి వైపు వాళ్ల మామిడి తాండ్ర, చోడిపిండి, ఇలా తినే సరుకు ఏది తయారుచేసినా ఇదే లెక్క.

ముద్ర సంగతి ముందే తేల్చేద్దాం. ముద్రలో సబ్సిడీ లేదు. శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు, పాత తరుణ్ రుణం సరిగ్గా తీర్చిన వాళ్లకి తరుణ్ ప్లస్ 20 లక్షల వరకు. తనఖా అడగరన్నది దాని సుఖం. అంతకుమించి తీసుకున్న ప్రతి రూపాయీ వడ్డీతో కట్టాల్సిందే. "ముద్రలో 35 శాతం మాఫీ" అని ఎవరైనా చెప్తే ఆ మనిషి దగ్గర ఇంకేమీ అడక్కండి.

కొత్తదా, నడుస్తున్నదా

ఈ ఒక్క ప్రశ్నతోనే చాలామందికి ఎంపిక అయిపోతుంది. పీఎంఈజీపీ కొత్త యూనిట్లకే. ఇప్పటికే నాలుగు కటింగ్ మిషన్లు పెట్టి పిక్కలు కొట్టిస్తున్న వాళ్లు, దాన్నే పెద్దది చేసుకుంటామంటే అందులో చోటు లేదు. పీఎంఈజీపీలో గానీ ముద్రలో గానీ యూనిట్ పెట్టి, మొదటి రుణం తీర్చిన వాళ్లకి విస్తరణ కోసం రెండో రుణం ఉంది, అది వేరే కథ. నడుస్తున్న యూనిట్‌కి కొత్త బాయిలర్, డ్రయ్యర్, గ్రేడింగ్ మిషన్ కావాలంటే దారి పీఎంఎఫ్‌ఎంఈ. 2020లో ఆ పథకం పెట్టిందే ఇళ్లలో, పెరళ్లలో నడుస్తున్న చిన్న యూనిట్లని దృష్టిలో పెట్టుకుని. కొత్తవాళ్లకీ ఇస్తారు.

శ్రీకాకుళం జిల్లాకి "ఒక జిల్లా ఒక ఉత్పత్తి" కింద జీడి ఉంది కాబట్టి మిగతా సరుకులకి ఇవ్వరని ఒక ప్రచారం ఉంది. ఇస్తారు. ఆ జాబితా ప్రాధాన్యం కోసమే.

ఇంకో మాట. రెండింటిలోనూ ఒక కుటుంబానికి ఒక్కరికే. పీఎంఈజీపీలో కుటుంబమంటే భార్యాభర్తలు, పీఎంఎఫ్‌ఎంఈలో పిల్లలు కూడా. ఆయన పేరున ఒకటి, ఆవిడ పేరున ఇంకొకటి కుదరదు. ఒకే యూనిట్‌కి రెండు పథకాల సబ్సిడీ అసలే కుదరదు.

ఇరవై లక్షల యూనిట్, నాలుగు రకాల జవాబులు

కొత్త యూనిట్ అనుకుందాం. మొత్తం ఖర్చు 20 లక్షలు. అందులో షెడ్డు, యంత్రాలు కలిపి 14 లక్షలు. మిగిలిన 6 లక్షలు వర్కింగ్ క్యాపిటల్, అంటే పిక్కలు కొనడానికి, కూలీలకి. భూమి ధర రెండు పథకాల్లోనూ లెక్కలోకి రాదు.

పీఎంఎఫ్‌ఎంఈలో అందరికీ 35 శాతమే, గరిష్ఠంగా 10 లక్షలు. ఆడా మగా తేడా లేదు, కులం తేడా లేదు, ఊరూ పట్నం తేడా లేదు. కాకపోతే ఆ 35 శాతం యంత్రాలు, షెడ్డు వరకే. వర్కింగ్ క్యాపిటల్ మీద ఇవ్వరు. షెడ్డు ఖర్చునీ ఒక హద్దు వరకే ఒప్పుకుంటారు. మన లెక్కలో 14 లక్షల మీద 35 శాతం, అంటే 4 లక్షల 90 వేలు. సొంత వాటా కనీసం 10 శాతం.

పీఎంఈజీపీలో వర్కింగ్ క్యాపిటల్‌తో కలిపి మొత్తం ప్రాజెక్టు ఖర్చు మీద సబ్సిడీ. దాన్ని వాళ్లు మార్జిన్ మనీ అంటారు. ఎంత శాతమన్నది మాత్రం మనిషిని బట్టి, చోటుని బట్టి మారుతుంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు, దివ్యాంగులు, మాజీ సైనికులు, వీళ్లంతా ప్రత్యేక కేటగిరీ: గ్రామంలో 35 శాతం, పట్టణంలో 25 శాతం, సొంత వాటా 5 శాతం. మిగతావాళ్లకి గ్రామంలో 25, పట్టణంలో 15, సొంత వాటా 10 శాతం.

ఇప్పుడు చూడండి. మందస మండలంలో ఒక పల్లెటూళ్లో యూనిట్ పెట్టే మహిళకి పీఎంఈజీపీలో 7 లక్షలొస్తాయి, పీఎంఎఫ్‌ఎంఈలో 4 లక్షల 90 వేలు. చేతిలోంచి పెట్టాల్సింది కూడా లక్షే. ఆవిడకి రెండో ఆలోచన అక్కర్లేదు. అదే యూనిట్‌ని పలాస-కాశీబుగ్గ మున్సిపాలిటీ లోపల ఓసీ మగాయన పెడితే పీఎంఈజీపీలో 3 లక్షలే. ఆయన పీఎంఎఫ్‌ఎంఈకే వెళ్లాలి. మధ్యలో ఉన్నవాళ్లు, అంటే పట్టణంలో పెట్టే బీసీ, గ్రామంలో పెట్టే ఓసీ, వీళ్లకి పీఎంఈజీపీలో 25 శాతం చొప్పున 5 లక్షలు. అవతల 4.90. పది వేల తేడా కోసం పథకం ఎంచుకోవద్దు. సొంత వాటా ఎంత పెట్టగలరు, ఏ ఆఫీసు మీకు దగ్గర, మీ బ్రాంచి మేనేజర్‌కి ఏది అలవాటు, అవి చూసుకోండి.

యంత్రాల వాటా పెరిగేకొద్దీ త్రాసు పీఎంఎఫ్‌ఎంఈ వైపు మొగ్గుతుంది. సరుకు కొనడానికే ఎక్కువ డబ్బు కావాల్సిన వ్యాపారమైతే పీఎంఈజీపీ వైపు. జీడి ఆ రెండో రకం. పిక్కలు వేసవిలో వస్తాయి, ధర తక్కువున్నప్పుడు కొని నిల్వ చేసుకోవాలి, కాబట్టి డబ్బంతా బస్తాల్లో ఇరుక్కుంటుంది. ఇక బాగా పెద్ద యూనిట్ అయితే పీఎంఎఫ్‌ఎంఈ 10 లక్షల దగ్గర ఆగిపోతుంది. పీఎంఈజీపీ తయారీ రంగంలో 50 లక్షల ప్రాజెక్టు దాకా వెళ్తుంది. ప్రత్యేక కేటగిరీ వాళ్లకి గ్రామంలో అది 17 లక్షల 50 వేలు.

పంచాయతీ గట్టు

పీఎంఈజీపీలో గ్రామం అంటే పంచాయతీ పరిధి, పట్టణం అంటే మున్సిపాలిటీ, నగర పంచాయతీ, కార్పొరేషన్ పరిధి. ఇల్లు ఎక్కడుందన్నది కాదు, యూనిట్ ఎక్కడ పెడుతున్నారన్నదే లెక్క. ఆమదాలవలస, ఇచ్ఛాపురం, రాజాం, బొబ్బిలి, నెల్లిమర్ల, ఈ ఊళ్ల అంచున ఉన్నవాళ్లు షెడ్డు అద్దెకి తీసుకునే ముందు ఆ స్థలానికి ఇంటి పన్ను ఎక్కడ కడుతున్నారో కనుక్కోండి. రోడ్డుకి ఈ పక్క వార్డు, ఆ పక్క పంచాయతీ అయిన చోట్లున్నాయి. 20 లక్షల ప్రాజెక్టులో ఆ రోడ్డు విలువ 2 లక్షలు.

పాత విజయనగరం జిల్లా వాళ్లకి ఇంకో మెలిక ఉంది. ఆకాంక్షిత జిల్లాల (వెనకబడినవని కేంద్రం గుర్తించిన జిల్లాల) వాళ్లు కూడా పీఎంఈజీపీలో ప్రత్యేక కేటగిరీ కిందికే వస్తారు. 2018 జాబితాలో మన రాష్ట్రం నుంచి విజయనగరం, విశాఖపట్నం, కడప ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక సాలూరు, పార్వతీపురం, కురుపాం మన్యం జిల్లాకి వెళ్లాయి. అటువైపు ఓసీ మగవాళ్లు జనరల్ అని టిక్ పెట్టేసి 10 శాతం వదులుకోకుండా, ముందు పరిశ్రమల కేంద్రంలో ఒక మాట అడగండి.

భార్య పేరున పెడితే ఎక్కువొస్తుందని చాలామంది అటే చూస్తారు. ఆవిడే నడిపితే నిక్షేపంగా పెట్టుకోండి. పేరు ఆవిడది, మాటలన్నీ ఈయనవి అయితే మాత్రం బ్యాంకులో ఐదు నిమిషాల్లో దొరికిపోతారు. మేనేజర్ నేరుగా ఆవిడనే అడుగుతారు: "80 కిలోల పిక్కల బస్తా ఇప్పుడెంతమ్మా? బస్తాకి పప్పు ఎంత దిగుతుంది? అందులో ముక్క ఎంత పోతుంది?" పలాసలో పీలింగ్‌కి వెళ్లే ఏ అప్పని అడిగినా నిద్రలో చెప్పే జవాబులవి. ఇంట్లోంచి ఎప్పుడూ బయటికి రాని ఆవిడ మొగుడి మొహం చూస్తే ఆ ఫైలు అక్కడే ఆగుతుంది.

సబ్సిడీ చేతికి రాదు

రెండు పథకాల్లోనూ ముందు బ్యాంకు రుణం ఇవ్వాలి. సబ్సిడీ సొమ్ము ప్రభుత్వం నుంచి బ్యాంకుకే వస్తుంది, మీ పేరున విడిగా ఉంటుంది, మూడేళ్లు అలాగే ఉంటుంది. యూనిట్ నడుస్తూ, కంతులు సరిగ్గా కడుతూ ఉంటే మూడేళ్లయ్యాక మీ రుణంలో తగ్గిస్తారు. పీఎంఈజీపీలో ఆ డిపాజిట్‌కి వడ్డీ ఇవ్వరు, అంత మేర రుణానికి వడ్డీ వేయకూడదు కూడా. ఈ రెండో మాట గుర్తుపెట్టుకుని స్టేట్‌మెంట్ చూసుకోండి.

పీఎంఈజీపీలో వర్కింగ్ క్యాపిటల్ మీద కూడా సబ్సిడీ వస్తుందన్నాను కదా, దానికో షరతుంది. ఆ మూడేళ్లలో క్యాష్ క్రెడిట్ లిమిట్‌ని (వర్కింగ్ క్యాపిటల్‌కి బ్యాంకు ఇచ్చే అప్పు హద్దుని) ఒక్కసారైనా పూర్తిగా వాడాలి, వాడకం 75 శాతానికి తగ్గకూడదు. లేకపోతే ఆ మేరకు సబ్సిడీ వెనక్కి తీసుకుంటారు. రిపోర్టులో 6 లక్షల సరుకు చూపించి, తీరా రెండు లక్షల సరుకుతోనే నెట్టుకొచ్చేవాళ్లకి ఇది మూడో ఏడు ముగిశాక తెలుస్తుంది. సబ్సిడీ కోసం వర్కింగ్ క్యాపిటల్‌ని ఉబ్బించకండి. నిజంగా ఎన్ని బస్తాలు కొంటారో అంతే రాయించండి.

అప్లికేషన్ ఎవరి చేత పెట్టించాలి

రెండు పోర్టళ్లలోనూ దరఖాస్తు ఉచితం. పీఎంఈజీపీ ఖాదీ కమిషన్ పోర్టల్‌లో ఉంటుంది, పీఎంఎఫ్‌ఎంఈకి సొంత పోర్టల్ ఉంది. టెన్త్ చదివిన పిల్లలు ఇంట్లో ఉంటే కంప్యూటర్ ముందు కూర్చుని మీరే నింపుకోవచ్చు. మొబైల్‌లో కూడా అవుతుంది గానీ ఫైళ్ల సైజు తగ్గించి ఎక్కించే దగ్గర ప్రాణం విసుగెత్తుతుంది.

పీఎంఎఫ్‌ఎంఈ అయితే జిల్లా రిసోర్స్ పర్సన్ చేత పెట్టించడమే మేలు. దరఖాస్తు, ప్రాజెక్టు రిపోర్టు, ఉద్యమ్ (చిన్న పరిశ్రమగా నమోదు), ఆహార భద్రత రిజిస్ట్రేషన్ల దాకా చేయించడమే వాళ్ల పని. మంజూరైన ఒక్కో రుణానికి ప్రభుత్వమే వాళ్లకి 20 వేలు ఇస్తుంది. మీరు ఇవ్వాల్సింది ఏమీ లేదు. పేర్లు, నంబర్లు జిల్లాల వారీగా ఆ పోర్టల్‌లోనే ఉంటాయి. ఒక్కటి గుర్తుంచుకోండి: మీకు పీఎంఈజీపీ మేలని వాళ్లు తమంతట తాము చెప్పరు. పై లెక్క వేసుకున్నాకే వాళ్ల దగ్గరికి వెళ్లండి.

కామన్ సర్వీస్ సెంటర్‌లో పెట్టించుకుంటే టైపింగ్‌కి, స్కానింగ్‌కి ఇవ్వాల్సింది ఇవ్వండి, అది వాళ్ల కష్టం. కానీ మొబైల్ నంబరు గడి దగ్గర మీ కళ్లు స్క్రీన్ మీదే ఉండాలి. పని తొందరగా అవుతుందని సెంటర్ కుర్రాడు తన నంబరే వేసేస్తాడు. ఆ తర్వాత ఓటీపీలు, యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, "ఫలానా పత్రం సరిలేదు, మళ్లీ ఎక్కించండి" అనే మెసేజ్, అన్నీ అతని ఫోన్‌కే. మా బంధువుల్లో ఒకరి దరఖాస్తు అలాగే నెలల తరబడి ఒక్క కాగితం కోసం ఆగింది. ఆయనేమో బ్యాంకువాళ్లే ఆపారని తిట్టుకుంటూ కూర్చున్నాడు.

సబ్సిడీలో వాటా అడిగే మధ్యవర్తి వద్దు. పీఎంఈజీపీకి ఏజెంట్లెవరూ లేరని ఖాదీ కమిషన్ ఎప్పటినుంచో చెప్తోంది. "బ్యాంకులో నాకు తెలుసు" అనేవాళ్లకి నిజంగా తెలిసినా, మూడేళ్లు కంతులు కట్టాల్సింది మీరు.

ఫారంలో తడబడే చోట్లు

పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో పొడి అక్షరం, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకో స్పెల్లింగ్. మన వాళ్లలో సగం మంది కథ ఇది. ఆధార్‌తో సరిపోలకపోతే ఫారం మొదటి గడిలోనే ఆగుతుంది. ముందు ఆధార్, పాన్ ఒకేలా చేయించుకోండి, అప్పుడు మిగతావి.

ఏజెన్సీ. పీఎంఈజీపీలో ఖాదీ కమిషన్, ఖాదీ బోర్డు, పరిశ్రమల కేంద్రం, కాయిర్ బోర్డు, వీటిలో ఒకటి ఎంచుకోమంటుంది. జీడికైనా, తాండ్రకైనా పరిశ్రమల కేంద్రం ఎంచుకుంటే జిల్లా కేంద్రంలోనే ఆఫీసు ఉంటుంది, తిరగడం తేలిక. ఉద్దానంలో కొబ్బరి పీచు యూనిట్ పెట్టేవాళ్లు మాత్రం కాయిర్ బోర్డు చూడండి. పీచు తిండి సరుకు కాదు కాబట్టి పీఎంఎఫ్‌ఎంఈ దానికి పనికిరాదు.

బ్యాంకు. యూనిట్ పెట్టే ఊరికి దగ్గరి బ్రాంచి రాయండి. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ పాత పాస్‌బుక్ చూసి రాయొద్దు. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. మన వైపు ఊరూరా ఉన్న గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 మే నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. బ్రాంచికి వెళ్లి కోడ్ అడగండి. ఆ సాకుతో మేనేజర్‌తో ఒకసారి మాట్లాడండి కూడా. ముఖం తెలియని దరఖాస్తుకీ తెలిసిన దరఖాస్తుకీ చాలా తేడా ఉంటుంది.

పత్రాలు. కుల ధ్రువీకరణ, గ్రామీణ ప్రాంతమని ధ్రువీకరణ సచివాలయంలో అడిగి ముందే తీసుకోండి. తయారీలో ప్రాజెక్టు 10 లక్షలు దాటితే పీఎంఈజీపీకి ఎనిమిదో తరగతి పాసైన రుజువు కావాలి. చదువుకోని వాళ్లు 10 లక్షల లోపు పెట్టుకోవచ్చు.

ప్రాజెక్టు రిపోర్టు. నమూనా రిపోర్టులు రెండు పోర్టళ్లలోనూ ఊరికే దొరుకుతాయి. వాటిని యథాతథంగా ఎక్కించడమే చిక్కు. ఎక్కడి ధరలో, ఎక్కడి కూలీ రేట్లో అందులో ఉంటాయి. పిక్కల ధర, డబ్ల్యూ 320 గ్రేడు పప్పు ధర, పీలింగ్ కూలీ, కరెంటు, ఈ నాలుగూ పలాస రేట్లతో మార్చండి, మిషన్లకి నిజమైన కొటేషన్ పెట్టండి.

అన్నీ అయ్యాక ఫైనల్ సబ్మిట్ నొక్కారో లేదో చూసుకోండి. సేవ్ చేసి వదిలేసిన ఫారం ఏ ఆఫీసుకీ చేరదు.

వేరే దారి ఉన్నవాళ్లు

డ్వాక్రా సంఘంలో ఉండి ఇంట్లోనే చిన్నగా చేసుకునే వాళ్లకి ఇంత తతంగం అక్కర్లేదు. పీఎంఎఫ్‌ఎంఈలోనే సంఘ సభ్యురాలికి 40 వేల దాకా సీడ్ క్యాపిటల్ ఉంది. వెలుగు ఆఫీసు ద్వారా సంఘం నుంచే వస్తుంది, తిరిగి సంఘానికే కట్టాలి.

వల అల్లేవాళ్లు, దర్జీలు, వడ్రంగులు, కమ్మరులు, కుమ్మరులు పీఎం విశ్వకర్మ చూడండి. 2023 సెప్టెంబర్ 17న మొదలైంది, 18 వృత్తులకి. పనిముట్లకి 15 వేల ఈ-వోచర్, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది తీర్చాక 2 లక్షలు. వేలిముద్ర కావాలి కాబట్టి కామన్ సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి. గత ఐదేళ్లలో పీఎంఈజీపీ రుణం తీసుకున్న వాళ్లకి ఇది రాదు. పొందూరు నేత వాళ్లు ఆ 18లో నేత కోసం వెతక్కండి, లేదు. వాళ్లకి చేనేత శాఖ పథకాలు వేరు.

పెట్టేముందు, పెట్టాక

ఈ పోలికలో చెప్పిన రెండు పథకాలకీ 2025-26 ఆర్థిక సంవత్సరం వరకే మంజూరు ఇచ్చారు. అందుకని కొటేషన్లకి, షెడ్డు అడ్వాన్సుకి డబ్బు తీసేముందు పోర్టల్ తెరిచి కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో చూడండి. అలాగే సిబిల్ రిపోర్టు (మీ పాత అప్పుల చిట్టా) ఒకసారి తీయించుకోండి. మైక్రో ఫైనాన్స్ వాళ్ల దగ్గర తీసుకుని మర్చిపోయిన చిన్న అప్పు, ఎవరికో పెట్టిన హామీ, ఇలాంటివి అందులోనే బయటపడతాయి.

10 లక్షల లోపు రుణానికి తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అడిగితే గొడవ పడకుండా, ఆ మాటే రాతపూర్వకంగా ఇమ్మనండి. చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది. 5 లక్షలు దాటిన పీఎంఈజీపీ ప్రాజెక్టుకి 10 రోజుల శిక్షణ ఉంటుంది. అది పూర్తయితేనే సబ్సిడీ కదులుతుంది, కాబట్టి పిక్కల సీజన్‌లో పడకుండా చూసుకోండి.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం పోర్టల్‌లో కనబడుతుంది. "యూనిట్‌కి అవకాశం లేదు" అని ఒక్క ముక్క రాసి ఉంటే అది రిపోర్టు మీద అనుమానం. లెక్కలు సరిచేసుకుని, పరిశ్రమల కేంద్రం వాళ్ల చేత వేరే బ్రాంచికి పంపించమని అడగొచ్చు. సిబిల్ అని రాసి ఉంటే బ్రాంచి మార్చినా లాభం లేదు, ముందు ఆ పాత బాకీ తీర్చి, బాకీ లేదన్న కాగితం తెచ్చుకోండి.